పంపు ఆపే ముందు

గులకరాళ్ల క్వారీలో వయసంతా నీళ్లు తోడే పంపు దగ్గరే గడిపిన ఆయన్ని అందరూ పంపు బాబాయి అనేవారు. తవ్వకం ముగిసింది. గట్లు వాలుగా చెక్కి, పైన మట్టి పరిచి, గోతిని చెరువుగా వదిలేయాలని నిర్ణయించారు. మర్నాడు పంపు ఆపేస్తామన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి బాబాయికి ముద్ద దిగలేదు. పంపు ఆగితే నీళ్లు ఊరుతాయి. కాలుజారి పడ్డవాళ్లు ఈ గట్టెక్కి బయటపడగలరా అన్నదే ఆయన బెంగ.

"వాలు సరిపోతుంది బాబాయ్, నేను ఎక్కి చూశాను" అంది ఇంజనీరమ్మాయి.

"నీకు పాతికేళ్లు తల్లీ."

సాయంత్రం భార్యతో గోతిలోకి దిగి, నీళ్లలో పడ్డవాళ్లలా ఇద్దరి బట్టలూ తడిపాడు.

"మునగకముందే తడవాలా మనం?" అంటూనే పిన్ని చీర ఎగదోపి గట్టు మీదికి చేరుకుంది. ఆయన మాత్రం సగంలో జారి చతికిలబడ్డాడు.

"ఊళ్లోవాళ్ల కోసం బెంగపడ్డారు. పడేది మీరేనన్నమాట" అని చెయ్యందించింది. ఆయన తడిమట్టిని రెండు చేతులా పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

విషయం విని ఇంజనీరమ్మాయి వాదించలేదు. పంపు మరికొన్నాళ్లు నడిపించి, ఆయన జారిన వైపు వాలు బాగా తగ్గించింది. ఆ తర్వాతే బాబాయి తన చేత్తో స్విచ్ ఆపాడు.

ఆయన పోయాక కూడా పిన్ని ఆ చెరువులో కాళ్లు కడుక్కుని, ఎవరి చెయ్యీ అందుకోకుండా మెల్లగా పైకి వస్తుంది.