నా సిలువ, బద్దమామ అతుకు

ఐటీఐ పాసై ఆటోనగర్‌లో ఓ వడ్రంగి షెడ్డులో చేరిన ఆ రోజుల్లో నా కళ్లు నెత్తి మీద ఉండేవి. రెండు చెక్కల్ని చెరిసగం మందం చెక్కి, ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టే సగం అతుకులో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం (అప్పటికి నేను వేసినవి మొత్తం పదకొండు). నా గొప్పలు నమ్మిన మా నాన్న చర్చిలో లేచి నిలబడి, "కొత్త సిలువ మావోడు సేత్తాడండి" అని అందరి ముందూ మాట ఇచ్చేశాడు. ఆదివారమే దాన్ని నిలబెట్టాలి.

శుక్రవారం సాయంత్రం సిలువ ఇంటికి తెచ్చాను. అతుకు సందులో వెంట్రుక దూరదు. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, కాసేపు చూసి, "బాబూ, ఇది సర్చికా, ఆస్పత్రికా?" అంది. అప్పుడు చూశాను. ఐటీఐలో అలవాటైనట్టే రెండు కర్రల్నీ నాలుగేసి అడుగులు కోసి, సరిగ్గా నడిమధ్యన కలిపేశాను. అచ్చంగా కూడిక గుర్తు. నాన్న ఆ రాత్రి అన్నం తినలేదు. తిట్టినా బాగుండేది.

శనివారం పొద్దున్నే దాన్ని భుజాన వేసుకుని (దారిలో ఒక ముసలమ్మ నాకు దండం కూడా పెట్టింది) మా షెడ్డు పెద్ద మేస్త్రి ఇంటికి వెళ్లాను. అడుగుబద్ద చేతిలో లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు గనుక మా అందరికీ బద్దమామ. అప్పటికే స్నానం చేసి, నామం పెట్టుకుని సింహాచలం బయల్దేరుతున్నాడు.

"ఏటిరా ఇది? కొలవకుండా కోసేసినావేటి?"

"కొలిసే కోసాను మామా. అదే తప్పయిపోనాది."

నవ్వలేదు. చొక్కా విప్పి మేకుకు తగిలించాడు. "కొండకి వచ్చే వారం ఎల్తాను. అప్పన్న ఏటీ అనుకోడు. రేపు మీ నాన్న తలెత్తుకోవాల గదా."

తన ఇంటి గుమ్మానికని దాచుకున్న టేకు ముక్క బయటికి తీశాడు. అడ్డకర్రను రెండు వైపులా తగ్గించి, నిలువుకర్ర అడుగున ఆ ముక్కను సగం అతుకుతోనే కలిపి, చిత్రిక పట్టాడు. మధ్యాహ్నానికల్లా సిలువ సిలువలా నిలబడింది. ఎంత వెతికినా అతుకు నాకే దొరకలేదు. నా పదకొండూ గుర్తొచ్చి సిగ్గేసింది.

"ఎవులడిగినా 'నానే సేసినాను' అని సెప్పు. సగం నువ్వే గదా" అన్నాడు.

ఆదివారం అందరూ మెచ్చుకున్నారు. నాన్న ఆ పూట రెండుసార్లు కూర వేయించుకున్నాడు. మామ పేరు నేను ఎత్తలేదు.

బద్దమామ ఇప్పుడు లేడు. నాకు జుట్టుకు రంగేసుకునే వయసొచ్చినా, చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంటే నేను కళ్లు తెరిచి ఆ నిలువుకర్ర అడుగునే చూస్తాను. ముందు మామకు దండం పెట్టుకుని, ఆ తర్వాతే ప్రభువుతో మాట్లాడతాను. ఆయనా వడ్రంగింటి బిడ్డే గదా, ఏమీ అనుకోడు.