చెరువు చుట్టుదారిలో కృపమణి

కృపమణి ఎడమచేతికి మూడు వేళ్లే ఉన్నాయి. పరుగుకు కొత్తగా వచ్చే పిల్లలు మొదటిరోజు ఆ చేతిని చూసీ చూడనట్టు ఉంటారు. నేనూ అలాగే ఉన్నాను.

రాగిమానుపల్లె హైస్కూలుకు లెక్కల మాస్టరుగా బదిలీ అయి వచ్చిన ఏడాదే నాకు షుగరు బయటపడింది. ఆత్మకూరు డాక్టరు రోజూ గంటసేపు నడవమన్నాడు. ఎక్కడ నడవాలని ఊళ్లో అడిగితే అందరూ ఒకే మాట చెప్పారు. పొద్దున్నే చెరువు కాడికి పోతే కృపమణి ఉంటుంది, ఆమె దారి చూపిస్తుంది అని.

చెరువు చుట్టూ ఆమె వేసిన దారులు మూడు. కట్టదారి తూము దగ్గర మొదలై, నిండినప్పుడు నీళ్లు పొర్లిపోయే మరవ దాకా పోతుంది. ఒకపక్క నీళ్లు, ఇంకోపక్క వరిమళ్లు. చదునుగా ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లకు, నాలాంటి రోగులకు అదే. గుట్టదారి సీతాఫలం చెట్ల మధ్య ఎక్కి దిగుతుంది, పిక్కలు పట్టేస్తాయి. చుట్టుదారి చెరువంతా చుట్టి వస్తుంది, ఎనిమిది కిలోమీటర్లు. నల్లమల మీద పొద్దు పొడిచే వేళకు అవతలి ఒడ్డున ఉంటే, జొన్నచేల మీద మంచు ఆవిరై లేస్తుంటుంది, కొంగలు గుంపుగా లేచి మళ్లీ అక్కడే వాలతాయి. దూరాలన్నీ ఆమె డ్రిప్పు పైపుతో కొలిచింది. అర కిలోమీటరుకు ఒక రాయి, రాయికి సున్నం.

చుట్టుదారిలో ఆరో రాయి దాటాక కంపచెట్లు రెండుపక్కలా దగ్గరికి వస్తాయి. ఆమెకు వేళ్లు పోయింది అక్కడే. ఆ సంగతి కొంత ఆమె చెప్పగా, కొంత ఆమె మొదటి శిష్యురాలు నాగజ్యోతి చెప్పగా నాకు తెలిసింది.

కృపమణి తండ్రి దావీదురాజు కూలి పని చేసేవాడు, ఆదివారం చర్చి గంట కొట్టేవాడు. ఆమె బళ్లో ఉన్నప్పుడు జిల్లా పోటీల్లో పరిగెత్తింది. పంతొమ్మిదేళ్లకు పత్తికొండలో పెళ్లి చేశారు. మొగుడు ఏసుకుమార్ టమోటా మార్కెట్టులో హమాలీ. మొదటి ఏడాది బాగానే చూసుకున్నాడు. తర్వాత కొట్టడం మొదలుపెట్టాడు. కూర చల్లారిందని కొట్టాడు, పక్కింటామెతో మాట్లాడిందని కొట్టాడు, మార్కెట్టులో ఎవరో తనను చూసి నవ్వినారని ఇంటికొచ్చి కొట్టాడు. గంపలు కట్టే తాడుతో వీపు మీద, గిన్నెతో నెత్తిమీద. నాలుగో నెల కడుపుతో ఉన్నప్పుడు పొట్టలో తన్నాడు. ఆ బిడ్డ నిలవలేదు. మూడుసార్లు పుట్టింటికి వచ్చింది, మూడుసార్లు సంఘపెద్దలు సర్దిచెప్పి పంపించారు.

నాలుగోసారి వచ్చినప్పుడు మళ్లీ పోలేదు. మిట్టమధ్యాహ్నం అతను తలుపు గడియ పెట్టి కట్టె తీసుకున్నాడు. ఆమె పెరటి గోడ దూకి, చెప్పులు కూడా లేకుండా బస్టాండు దాకా పరిగెత్తింది. అతను కొంతదూరం వెంటపడి, ఆయాసంతో రోడ్డు మీద కూలబడ్డాడు. "ఆ పొద్దు తెలిసింది సార్, నా కాళ్లు ఇంకా నాయే అని" అంది నాతో.

ఊరికొచ్చాక ఇంట్లో కూర్చోలేకపోయింది. కళ్లు మూస్తే వీపు మీద దెబ్బ పడినట్టు ఉలిక్కిపడేది. చెరువు కట్ట మీద పరిగెత్తినంతసేపూ అది ఉండేది కాదు. అందుకని రోజూ పరిగెత్తింది. నీళ్లకొచ్చిన ఆడవాళ్లు బిందెలు దించి నవ్వేవాళ్లు. అప్పుడు నాగజ్యోతి వచ్చి అడిగింది. ఊళ్లో భూములున్న రైతు నాగలక్ష్మమ్మ కూతురు ఆమె. కానిస్టేబులు పోస్టుకు పోవాలని పట్టుదల. పదహారు వందల మీటర్లు పదిన్నర నిమిషాల్లో పరిగెత్తాలి, నేర్పిస్తావా అక్కా అంది. ఆరు నెలలకు అట్లాంటి పిల్లలు తొమ్మిదిమంది అయ్యారు. దారులు కొలిచింది వాళ్ల కోసమే.

ఏసుకుమార్ కబురు మీద కబురు పెట్టాడు. ఒక ఆదివారం తనే వచ్చి, ఆరాధన అయ్యాక సంఘమంతా చూస్తుండగా రమ్మన్నాడు. ఆమె రానంది. చర్చి మెట్ల మీదే చెంప పగలగొట్టాడు. నోటి వెంట రక్తం కారుతుండగానే ఆమె మళ్లీ రానంది. మొగవాళ్లు అతన్ని పట్టుకుని బండి ఎక్కించారు. పెద్దలు మాత్రం, కూతురికి మెత్తగా చెప్పుంటే పోయేది కదా అని దావీదురాజును తప్పుపట్టారు.

రెండు నెలలకు, ఫిబ్రవరిలో ఒకరోజు, తెల్లవారి ఆరు దాటింది. చుట్టుదారిలో కృపమణి, నాగజ్యోతి ముందున్నారు, మిగతా పిల్లలు అర కిలోమీటరు వెనక. కంపచెట్ల మధ్య మోటారుసైకిలు అడ్డంగా పడేసి ఉంది. దాని వెనక నుంచి ఏసుకుమార్ లేచాడు, చేతిలో మచ్చుకత్తి.

తల మీదికి ఎత్తి వేశాడు. ఆమె ఎడమచెయ్యి అడ్డం పెట్టింది. చిటికెనవేలు, ఉంగరపువేలు తెగి దారిలో పడ్డాయి. రెండో వేటు భుజం మీద పడి ఎముక దాకా దిగింది. నాగజ్యోతి మట్టి తీసి అతని కళ్లలో కొట్టింది. అతను ఆ పిల్లను ఒక్క తోపు తోసి ముళ్లకంపలో పడేశాడు.

ఆ ఒక్క క్షణంలో కృపమణి పరుగు తీసింది. దారి వెంబడి కాదు, చెరువులోకి. ఎండకాలం ముందు నీళ్లు తగ్గి అంచంతా పైకి ఎండి, లోపల రొంపిగా ఉంటుంది. ఎక్కడ కాలు ఆనుతుందో, ఎక్కడ దిగబడుతుందో ఆమెకు తెలుసు. తుంగ మొలిచిన మెరకల మీదుగా పరిగెత్తింది. అతను తిన్నగా అడ్డం వచ్చాడు. ముప్పై అడుగులు వేశాడో లేదో తొడల దాకా దిగిపోయాడు. కత్తి చేతిలోంచి జారి బురదలో మునిగింది. కదిలినకొద్దీ ఇంకా లోపలికి పోతున్నాడు.

ఆమె అవతలి మెరక మీద నిలబడింది. అక్కడి నుంచి ఊరు దగ్గర. పోయుంటే కథ అంతటితో అయిపోయేది.

"ఏమే, చెయ్యియ్యి" అన్నాడు అతను. ఇంట్లో చెంబెడు నీళ్లు తెమ్మన్నట్టే అన్నాడట.

ఆమె వెనక్కి వచ్చింది. చెయ్యి ఇద్దామనే వచ్చిందో, ఇంకెందుకు వచ్చిందో తనకు ఇప్పటికీ తెలియదని చెప్పింది. వచ్చేటప్పుడు వలకు కట్టే రాయి ఒకటి తుంగలో కనబడింది. కుడిచేత్తో తీసుకుంది. మొదటి దెబ్బకు అతని దవడ విరిగింది. తర్వాతిది మెడ పక్కన ఎముక మీద. అతను చేతులు అడ్డం పెడితే ఆ చేతుల మీద కొట్టింది. వద్దే, వద్దే అన్నాడు, తర్వాత అనలేకపోయాడు. తన చేతి రక్తమే కళ్లలో పడి ఏమీ కనబడకపోయినా కొట్టింది. ముళ్లు గుచ్చుకున్న ఒంటితో నాగజ్యోతి పాకుతూ వచ్చి ఆమె నడుము పట్టుకుని లాగేదాకా కొట్టింది.

ఆ తర్వాత ఆ ఇద్దరే, వెనక నుంచి వచ్చిన పిల్లలతో కలిసి, చున్నీలు ముడేసి అతని చంకల కింద కట్టి బయటికి లాగారు. ఈ ముక్క చెప్పేటప్పుడు నాగజ్యోతికి కోపం వస్తుంది. వదిలేసి వచ్చుండాల్సిందంటుంది.

కృపమణి కర్నూలులో నలభై రోజులు ఆస్పత్రిలో ఉంది. వేళ్లు అతకలేదు. ఏసుకుమార్ అదే ఆస్పత్రిలో ఇంకో వార్డులో, పోలీసు కాపలాలో ఉన్నాడు. అతని మీద హత్యాయత్నం కేసు, అతని వాళ్లు పెట్టగా ఆమె మీదా ఒక కేసు. అతను మీదికొస్తే ప్రాణభయంతో ఒక్క దెబ్బ వేశానని చెప్పు చాలు అన్నాడు వకీలు. బోనులో నిలబడి ఆమె అలా చెప్పలేదు.

"వాడు దిగబడినాడు సార్. నేను తప్పించుకున్నా. మళ్లీ ఎనక్కి వచ్చి కొట్టినా. శానా కొట్టినా. ఆ పిల్ల లాగకపోతే సచ్చేదాకా కొట్టేదాన్ని."

వకీలు తల పట్టుకున్నాడు. జడ్జి రాసుకోవడం ఆపి ఆమె చేతి వైపు చాలాసేపు చూశాడట. ఏసుకుమార్‌కు ఏడేళ్లు పడింది. ఆమెది తప్పేనని చెప్పి, ఆ రోజు కోర్టు లేచేదాకా కూర్చోవాలని శిక్ష వేశారు. సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చుంది. పక్కన దావీదురాజు బైబిలు ఒళ్లో పెట్టుకుని, తెరవకుండా కూర్చున్నాడు.

ఊళ్లో అంత తేలిగ్గా పోలేదు. నిలబడి మొగుణ్ణి చితక్కొట్టిన ఆడదాని దగ్గరికి పిల్లల్ని ఎట్లా పంపుతామన్నారు. తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది మానేశారు. నాగలక్ష్మమ్మ మాత్రం కూతుర్ని తనే వెంటబెట్టుకుని వచ్చి, రోజూ తూము గట్టు మీద కూర్చునేది. ఎవరన్నా అడిగితే, అది వాణ్ణి చెరువులోకి తిప్పబట్టే నా బిడ్డ ఈ పొద్దు బతికుండాది అనేది. చుట్టుదారి ఏడాది పైన ఖాళీగా ఉంది. నాగజ్యోతికి ఉద్యోగం వచ్చి ఖాకీ బట్టల్లో బస్సు దిగిన నెలకు, మానేసిన పిల్లల ఇళ్ల నుంచే చెల్లెళ్లు వచ్చారు.

నేను చుట్టుదారి పూర్తిగా తిరిగింది కృపమణితోనే. నాకు నడకే, ఆమె పక్కన మెల్లగా పరుగు. ఆరో రాయి దాటాక ఆమె ఊపిరి మారడం వినిపించింది. భయమా అని అడిగాను. "ఉంటాది సార్, రోజూ ఉంటాది. వాడంటే గాదు. నా కుడిచెయ్యంటే" అంది.

పోయిన ఏడాది ఏసుకుమార్ విడుదలయ్యాడు. పత్తికొండలోనే ఉన్నాడట. దవడ వంకరగా అతుక్కుంది, బరువులు మొయ్యలేడు, కూర్చుని టమోటాలు ఏరుతున్నాడు. కృపమణి స్టేషనుకు పోయి, అతని వల్ల అపాయం ఉందని కాగితం రాసిచ్చి వచ్చింది. ఇప్పుడు అవతలి ఒడ్డుకు ఎవర్నీ ఒంటరిగా పంపదు, నలుగురు నలుగురుగా పంపుతుంది.

ఈసారి పద్నాలుగుమంది చేరారు. మొదటివారంలోనే వాళ్లను కంపచెట్ల దగ్గర నిలబెట్టి జరిగిందంతా చెబుతుంది, వెనక్కి వచ్చిన సంగతితో సహా. అది వదిలేసి చెప్పరాదా అని నాగజ్యోతి సెలవులకు వచ్చినప్పుడల్లా పోట్లాడుతుంది. కృపమణి వినదు. చెప్పడం అయ్యాక పిల్లలు నలుగురు నలుగురుగా వరసలో నిలబడతారు. ఆమె ఫోనులో టైము నొక్కి, పదండి అంటుంది.