తత్వం చెప్పడానికి ధర్మవరం

ఆదివారం పొద్దున హిందూపురంలో ప్యాసింజరు ఎక్కాను. పెనుకొండలో దిగి మా అన్న కూతురు సువార్తను వెంటబెట్టుకోవాలి. అక్కడి నుంచి బస్సులో ధర్మవరం చేరి, మధ్యాహ్నం చర్చిలో తత్వశాస్త్రం గురించి మాట్లాడాలి. ఫిజిక్సు లెక్చరర్నైన నా నెత్తిన ఈ పని పెట్టింది మా అన్నే. బీఎస్సీ అయిన సువార్త ఇప్పుడు ఎం.ఏ. ఫిలాసఫీ చదువుతానని పట్టుబట్టింది. ఆ చర్చిలోనే సంఘపెద్ద అయిన అన్న, "అది చదివినోళ్లకు విశ్వాసం నిలబడదంట" అని అడ్డం పడ్డాడు. చివరికి నా మీదకు తోశాడు. "నువ్వొచ్చి అందరి ముందరా చెప్పు. నాకు నచ్చితే పంపిస్తా. లేదంటే బీఎడ్‌లో చేరుస్తా."

రైల్లో ఎదురు సీటు అవ్వది మడకశిర పక్క పల్లె. "ఏం పని మీద పోతాండావమ్మా?" అని అడిగింది.

"తత్వం గురించి చెప్పేదానికవ్వా."

"తత్వాలా! మా నాయన తంబుర పట్టుకోని బలే పాడేవాడు. ఏదీ, ఒకటి అను."

నవ్వాగలేదు నాకు. పాటలు కాదు, చదువు అని చెప్పేసరికి అవ్వ మొహం చిన్నబోయింది. "పాట లేకుండా తత్వమేందమ్మా?" అని కిటికీ వైపు తిరిగిపోయింది.

పెనుకొండ స్టేషన్ బయట సువార్త కాచుకుని ఉంది. ఆ ఊళ్లోనే ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతోంది. బస్టాండు దగ్గర వేడివేడి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాం. ఈ దారిన వచ్చేవాళ్లు అవి వదలొద్దు. కారానికి మాత్రం పూచీ నాది కాదు.

"అత్తా, నువ్వు నాయనను ఒప్పించకపోతే నా పని ఐపోయినట్టే" అంది సువార్త, బజ్జీ నములుతూనే.

ధర్మవరం చర్చిలో అడుగుపెడితే వేదిక మీద హార్మోనియం, తబలా! "ఇప్పుడు సోదరి తత్వాలు వినిపిస్తారు" అని మైకులో ప్రకటించాడు పాస్టరయ్య. అన్న ఫోన్లో "మా చెల్లెలు తత్వం చెప్తాది" అన్నాడట, ఆయనకు అట్లా అర్థమైంది. ముసలమ్మలంతా ముందు వరసలో సర్దుకుని కూర్చున్నారు. తబలా ఆయన నా వైపు వంగి, "శ్రుతి ఎంత మేడం?" అన్నాడు. చచ్చానురా దేవుడా!

రైల్లో అవ్వే గుర్తొచ్చింది. "ఆ పాటలు ఏం అడుగుతాయమ్మా? నేనెవరు, యాడనుంచి వచ్చినా, యాడికి పోతా అని. అవే ప్రశ్నలు పాట లేకుండా, నిదానంగా అడిగేదే తత్వశాస్త్రం" అన్నాను. వచ్చినవాళ్లలో సగం మంది పట్టుచీరలు నేసేవాళ్లే కాబట్టి, ఆ తర్వాత వాళ్ల మగ్గాలనే పట్టుకున్నాను. "పట్టుచీర ఎట్లా నేసినారో సైన్సు పోగు పోగూ విప్పి చెప్తాది. ఎవరి పెళ్లికి నేసినారో పోగుల్లో కనపడదు. నేయించినాయన చెప్పల్ల, మనం ఆయన మాట నమ్మల్ల. అది విశ్వాసం. ఈ రెండూ యాడ కలుస్తాయి, నమ్మేదానికి ఆధారమేంది అని నిలదీసేది తత్వశాస్త్రం."

తలలు ఊగాయి. అన్న తల కూడా ఊగింది. హమ్మయ్య, గట్టెక్కాను అనుకున్నాను.

అప్పుడు లేచింది మా మహాతల్లి సువార్త. "అత్తా, ఆ చీర ఎవరి కోసమూ నేసింది కాదేమో? అట్లా కాదని మనకెట్లా తెలుస్తాది?"

అందరి తలలూ నా వైపు తిరిగాయి. నీ నోట్లో మన్నుపడ, బజ్జీలు తినేటప్పుడు అడగొద్దా అని లోపలే తిట్టుకున్నాను. ఏదో ఒకటి చెప్పి సర్దేయొచ్చు, మనసొప్పలేదు. "మంచి ప్రశ్న. దానికి పూర్తి జవాబు నాకు తెలీదు" అన్నాను.

అన్న మూతి ముడుచుకున్నాడు. భోజనాల దగ్గర నాకు దూరంగా, వేరే వరసలో కూర్చున్నాడు. పిల్ల చదువు నా చేతుల్లోనే పాడైందని అన్నం సయించలేదు నాకు.

సాయంత్రం నన్ను రైలెక్కించడానికి అన్నా, సువార్తా వచ్చారు. నేనెక్కి కూర్చున్నాక అన్న కిటికీ దగ్గరకొచ్చాడు.

"అమ్మీ, ఆ చీర ప్రశ్నకు జవాబు నిజంగా తెలీదా?"

"తెలీదన్నా."

"పాస్టరయ్యనూ అడిగినా. ఆలోచించల్ల అన్నాడు. నాకూ మధ్యాన్నం నుంచి తలలో అదే తిరుగుతాండాది." కాసేపు తల గోక్కున్నాడు. "అయితే ఆ పిల్లనే పోయి చదవనీ. కనుక్కోనొచ్చి మనకు చెప్తాది."

సువార్త ప్లాట్‌ఫారం మీదే గంతేసింది. నాకు కళ్లు చెమర్చాయి. రైలు కదిలింది.

"యాడికి పోయొస్తాండారు మేడం?" అని పలకరించాడు ఎదురు సీటాయన.

"తత్వం చెప్పేదానికి."

"అట్లనా! ఒకటి పాడండి మరి."

ఈసారి కాదనలేదు. వచ్చీరాని గొంతుతోనే ఒక తత్వం అందుకున్నాను. పెనుకొండ వచ్చేసరికి పెట్టెలో సగం మంది చప్పట్లతో తాళం వేస్తున్నారు.