రిచ్ లుక్

హన్మకొండ షోరూంలో సేల్స్‌మన్ జంపఖానా పరిచి, "రిచ్ లుక్ మేడం, కాలు పెట్టి చూడండి" అన్నాడు. రంగు నూలు వాసన గుప్పుమంది.

చిన్నప్పుడు కొత్తవాడలో మా ఇంటినిండా అదే వాసన. ఇంట్లో జంపఖానాలు పరుచుకునేవాళ్లను రిచ్ అంటారని బడిలో టీచర్ చెప్పింది. మా ఇంట్లో దూలాల దాకా పేర్చి ఉన్నాయి! ఆ సాయంత్రమే ఒకటి పరిచి, దానిమీద దొర్లుతూ, "నాయినా, మనం రిచ్!" అని అరిచాను.

నాయిన మగ్గం గుంతలోంచి లేచొచ్చి చెంప పగలగొట్టాడు.

"అది సేటు మాలు! మాసిందంటే మల్ల నూలియ్యడు. దానిమీద పండెటోళ్లు రిచ్. మనం నేసెటోళ్లం."

అప్పుడు మనుషులను మాత్రమే రిచ్ అనేవారు. ఇప్పుడు గుడ్డనూ అంటున్నారు, నేసినవాణ్ణి తప్ప.

జంపఖానా మీద కాలు పెట్టాను. చెంప చురుక్కుమంది.