పుట్టగొడుగు రసం

నిరుడు పీణ్య నుంచి వచ్చే బస్సులో, నా ఒడిలోని కట్టెముక్కను చూసి పక్కసీటు ఆవిడ అడిగింది: "ఏం తాతా, ఈ కుళ్లుకట్టెను ఎందుకు మోస్తాండారు?"

నాకు చిర్రెత్తింది. "కుళ్లుకట్టె కాదమ్మా, సాక్ష్యం! నేను సామిల్లులో పని చేసినోణ్ని. కట్టెను కుళ్లబెట్టేది నీళ్లు కాదు, పుట్టగొడుగు వదిలే రసం, అది కట్టెలోని బంకను కరిగిస్తాది అన్నాను. 'బడికి పోనోడు పాఠం చెప్తాండాడు' అని మా మిల్లు సావుకారు అందరి ముందర నవ్వినాడు. నీళ్లే అయితే ఈ నార ఎట్ల మిగుల్తాది?"

ముక్కను చీల్చి చూపించాను. తెల్లని పోగులు లేచాయి. ఆవిడ ఒక పోగును లాగి వేలికి చుట్టుకుంది.

"నేను ల్యాబులో చేసే పని ఇదే తాతా. ఆ బంక పేరు లిగ్నిన్. రసంలో ఉండే ఎంజైములు దాన్ని విరగ్గొడతాయి, నార మిగుల్తాది. మీరు చెప్పిందే నిజం. మా స్టూడెంట్లకు చూపిస్తా, సగం ఇస్తారా?"

పెద్ద సగమే ఇచ్చాను. దాన్ని చేతిరుమాలులో చుట్టుకొని ఆమె దిగిపోయింది. ఆమె పేరైనా నేను అడగలేదు.

నేను ఇంటికి పోలేదు. సామిల్లు ఉండిన చోటికి నడిచాను. సావుకారు పోయి చాలా ఏళ్లయింది, అక్కడిప్పుడు అపార్టుమెంట్లు. గేటు ముందు నిలబడి "లిగ్నిన్!" అని గట్టిగా అరిచాను. వాచ్‌మన్ ఏమనుకున్నాడో గానీ, లేచి సెల్యూట్ కొట్టాడు.