నాలుగో గది తాళంచెవి

బస్టాండు ఎదురుగా ఉన్న పన్నెండు గదుల లాడ్జిని నడిపే ఆవిడను ఊరంతా పిన్ని అనే పిలుస్తుంది. ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా పిన్ని అనే అంటారు. మొదట్లో ఒళ్ళు మండేది, తర్వాత అలవాటైపోయింది. మొగుడు పోయాక ఆవిడ లాడ్జి ఎత్తేస్తుందని అందరూ అనుకున్నారు. ఎత్తేయలేదు సరికదా, జీతం బత్తెం లేని ఇంకో ఉద్యోగం కూడా నెత్తికెత్తుకుంది. ఎవరి వస్తువు పోయినా, ఎవరు అబద్ధమాడినా కనిపెట్టడం ఆ ఉద్యోగం.

నిజం చెప్పొద్దూ, బాగానే కనిపెట్టేది. రెండో గది స్నానాలగదిలో కుళాయి మాయమైతే, దాన్ని వెతకడానికి సాయం వచ్చిన ప్లంబరు సంచిలోంచే బయటికి తీయించింది. పశువుల డాక్టరునని చెప్పి దిగినవాణ్ణి మూడో రోజుకల్లా పట్టేసింది. వీధికుక్కను చూసి మంచమెక్కినవాడు పశువుల డాక్టరేమిటి నా మొహం అంది. సబ్బు తడవకపోతే మనిషి రాత్రి గదిలో లేడని ఆవిడ లెక్క. బకెట్టు బోర్లించి వెళ్ళినవాడు మంచివాడు, అలాగే వదిలేసినవాడి మీద ఓ కన్ను వేసి ఉంచాలి. అప్పుడప్పుడు తిక్క తీర్పులు కూడా ఇచ్చేది, అది వేరే సంగతి. పోయిన నెల గదులు తుడిచే చిటికమ్మ దువ్వెన పోతే, పదకొండో గదిలో దిగిన బట్టతలాయనే తీశాడని తేల్చింది. బట్టతలవాడికి దువ్వెన దేనికి అని అడిగితే, "అందుకేగా ఎవరికీ అనుమానం రాదు" అంది. దానికి జవాబేముంది?

ఇవన్నీ పిన్ని కౌంటరు వెనక కుర్చీలో కూర్చుని కనిపెట్టేస్తుందని ఊరి నమ్మకం. ఆ నమ్మకాన్ని పెంచి పోషించినవాడు మెట్ల కింద టీకొట్టు పెట్టుకున్న ఆవిడ మరిది. "మా వదిన కుర్చీలోంచి లేవదండీ. కళ్ళు మూసుకుంటుంది, అంతే" అని ప్రతి గ్లాసుతోనూ కలిపి పోస్తాడు. అసలు గుట్టు ఏమిటంటే, దిగినవాళ్ళు బయటికి అడుగుపెట్టగానే పిన్ని మారు తాళాల గుత్తి పట్టుకుని గదులన్నీ ఒక చుట్టు చుట్టి వస్తుంది. ఎవరైనా చూస్తే దోమలున్నాయేమోనని చూస్తున్నా అంటుంది. పట్టపగలు దోమలేమిటని అడిగే ధైర్యం ఎవరికుంది? ఆ గుట్టు తెలిసిన మనిషి చిటికమ్మ ఒక్కతే.

చిటికమ్మ పదహారేళ్ళుగా ఆ గదులు తుడుస్తోంది. ఎంతసేపు పడుతుందే అంటే చిటికెలో అంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. ఆవిడ చిటికె అంటే ముప్పావు గంట. లాడ్జి పని కాక చుట్టుపక్కల మూడిళ్ళలో చేస్తుంది, ఆ మూడిళ్ళ తాళంచెవులూ ఆవిడ దగ్గరే ఉంటాయి. ఇల్లు వదిలి ఊరెళ్ళేటప్పుడు సొంత కోడలికివ్వని తాళం చిటికమ్మకు ఇస్తారు. పిన్నిని ఆవిడ అక్కా అంటుంది.

తాళంచెవుల దగ్గరే వచ్చింది తంటా అంతా. గది తాళం జేబులో వేసుకుని బస్సెక్కి చక్కా పోయే పుణ్యాత్ములకు లాడ్జిలో కొదవ లేదు. అందుకని పిన్ని ప్రతి తాళంచెవికీ ఓ బరువు కట్టేది. ఒకటో గదికి పాత తలుపు గడియ, ఐదో గదికి అరకిలో తూకపురాయి, తొమ్మిదో గదికి ఇనుప పెనం పిడి. జేబులో వేసుకుంటే పంట్లాం జారాలి, చచ్చినట్టు తెచ్చి కౌంటరు మీద పెట్టాలి, అదీ ఆవిడ సిద్ధాంతం. నాలుగో గది తాళానికి కట్టిన బోల్టు ఎక్కడో ఊడిపోయింది. వారం రోజులు వెతికితే సోమవారం ఓ కొత్త బరువు దొరికింది. జేబులు చిరిగిపోకుండా దాన్ని పాత కర్టెన్ గుడ్డలో పెట్టి కుట్టి, పైన పెన్నుతో నాలుగు అంకె వేసి కట్టింది. కళ్ళద్దాలు ఎక్కడో పెట్టి మరిచిపోతే సూదిలో దారం చిటికమ్మే ఎక్కించి ఇచ్చింది.

ఆ సోమవారం ఉదయమే గడియారం మేస్త్రి ఏడో గదిలో దిగాడు. మార్కెట్టు వీధి మధ్యలో ఉన్న స్తంభం మీది గడియారం పదకొండేళ్ళుగా పదీ పది దగ్గర ఆగి ఉంది. దాన్ని బాగుచేయడానికి పిలిపించారు. మనిషి సన్నగా, చిరాగ్గా ఉంటాడు. చేతికి గడియారం లేదు. కనబడినవాళ్ళనల్లా టైమెంతైందని అడుగుతాడు.

మంగళవారం మధ్యాహ్నం ఆయన మెట్లు రెండేసి దూకుతూ కిందికి వచ్చాడు.

"నా చక్రం పోయింది. కిటికీ గట్టు మీద పెట్టాను. రెండు నెలలు కూర్చుని చేత్తో కోసిన పళ్ళ చక్రం. అది లేకపోతే గడియారం నడవదు. సాయంత్రం ఐదింటికి గంట కొట్టిస్తానని మాటిచ్చాను. నా గదిలోకి ఎవరు వెళ్తారండీ?"

టీకొట్టు దగ్గర నలుగురు నిలబడి వింటున్నారు. కుర్చీలోంచి లేవని వదిన గురించి అప్పుడే మరిది ఓ కొత్త మనిషికి చెబుతున్నాడు.

"తుడిచే మనిషి తప్ప ఇంకెవరూ వెళ్ళరు" అంది పిన్ని.

ఆ ఒక్క మాటతో అందరి కళ్ళూ చీపురు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డ చిటికమ్మ మీదికి తిరిగాయి. చిటికమ్మ ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచింది.

"అయితే ఆవిడ సంచి చూడాలి" అన్నాడు మేస్త్రి.

"చూపించేయవే. మాటవరసకి చూస్తారు, పోయేదేముంది" అంది పిన్ని.

చిటికమ్మ తెరిచిన నోరు మూసింది. సంచి తెచ్చి కౌంటరు మీద బోర్లించింది. అన్నం డబ్బా, మూడిళ్ళ తాళంచెవులు, మోకాళ్ళ నొప్పుల తైలం, కాడకు దారం చుట్టిన కళ్ళజోడు, మనవరాలికని దాచిన సగం బిస్కెట్ల పొట్లం. అంతే.

"చూసుకోండి అమ్మగారూ" అంది.

పదహారేళ్ళలో అమ్మగారూ అనడం అదే మొదలు. పిన్ని విననట్టు ఊరుకుంది గానీ, మాట వెళ్ళి గుచ్చుకోవలసిన చోటే గుచ్చుకుంది.

మేస్త్రికి నమ్మకం కుదరలేదు. సంచిలో లేకపోతే ఎవరి చేతికైనా ఇచ్చి పంపి ఉండొచ్చన్నాడు. మూడింటిదాకా చూస్తాను, దొరక్కపోతే స్టేషనుకు వెళ్ళి ఈవిడ పేరే రాసిస్తాను అని బెంచీ మీద కూర్చున్నాడు. కూర్చుని టైమెంతైందని అడిగాడు. రెండున్నర అన్నాడు మరిది. స్టేషనులో పేరు ఎక్కితే ఆ మూడిళ్ళవాళ్ళూ సాయంత్రానికల్లా తాళాలు తిరిగి అడుగుతారని అక్కడున్న ప్రతివాళ్ళకీ తెలుసు. ఒకసారి అడిగి పుచ్చుకున్న తాళం మళ్ళీ ఇచ్చేవాళ్ళు ఎక్కడా ఉండరు.

పిన్ని రంగంలోకి దిగింది. ఆవిడ అనుమానం నాలుగో గది మందుల సేల్స్‌మన్ మీద. నవ్వు ఎక్కువ, బకెట్టు బోర్లించడు. పొద్దున్నే తాళం కౌంటరులో ఇచ్చి ఊళ్ళోకి వెళ్ళాడు. నీళ్ళ ట్యాంకు చూసొస్తానని అందరికీ చెప్పి, గుత్తి తీస్తే నలుగురూ చూస్తారని నాలుగో గది తాళంచెవి ఒక్కటే కొంగులో దాచుకుని పైకెక్కింది. మెట్టు మెట్టుకీ గుడ్డలో కుట్టిన బరువు మోకాలి చిప్పకు కొడుతూనే ఉంది. వెధవ బరువు, కాస్త చిన్నది కట్టాల్సింది అని తిట్టుకుంది.

గదిలో సబ్బు తడవలేదు. దొంగ లక్షణమే. మంచం కింద చూసింది. పరుపెత్తి చూసింది. మందుల పెట్టె తెరిచి దగ్గుమందు సీసాలన్నీ ఒక్కొక్కటే తీసి పెట్టింది. చక్రం లేదు. చెమటలు తుడుచుకుంటూ బయటికొచ్చి తలుపు వేయబోతే, తాళంచెవి బరువు గడియకు తట్టుకుంది. లాగింది. రాలేదు. కోపంకొద్దీ ఇంకాస్త గట్టిగా లాగింది. కర్టెన్ గుడ్డ పర్రున చిరిగి, లోపలినుంచి ఇత్తడి పన్ను ఒకటి బయటికి వచ్చి ఆవిడ బొటనవేలిని గీరింది.

పిన్ని మళ్ళీ గదిలోకి వెళ్ళి సేల్స్‌మన్ మంచం మీద కూలబడింది.

సోమవారం మధ్యాహ్నం దోమల చుట్టు తిరిగినప్పుడు ఏడో గది కిటికీ గట్టు మీద కాగితంలో చుట్టి ఉంది అది. నూనె జిడ్డు పట్టి నల్లగా ఉంది. అంతకుముందు ఆ గదిలో ఉండి వెళ్ళినవాడు మోటార్ల మెకానిక్కు. వాడు వదిలేసిన తుక్కే అనుకుని తీసుకొచ్చింది. రెండు నెలలు చేత్తో కోసిన చక్రమంటే బంగారంలా ధగధగలాడేదేదో అనుకుంది గానీ, మెట్లెక్కుతుంటే తన మోకాలికి కొట్టినదే అదని ఎలా అనుకుంటుంది?

ఒక నిమిషం ఏడుపొచ్చింది. రెండో నిమిషం బుర్ర పనిచేసింది. ఏడో గది అదే వరండాలో ఉంది, మేస్త్రి కంగారులో తాళం వేయకుండానే దిగాడు. చక్రాన్ని మంచం కోడు వెనక పడేసి, కిందికెళ్ళి కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుంటే చాలు. "మంచం కోడు వెనక చూశారా" అంటే చాలు. మేస్త్రి దణ్ణం పెడతాడు, మరిది ఏడాదిపాటు చెప్పుకుంటాడు, చిటికమ్మకూ మచ్చ ఉండదు. పిన్ని లేచింది. ఏడో గది తలుపు మీద చెయ్యి కూడా వేసింది.

వరండా కటకటాల్లోంచి కింద కౌంటరు కనిపించింది. అన్నం డబ్బా, తైలం సీసా, బిస్కెట్ల పొట్లం బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. చిటికమ్మ వాటిని సంచిలో పెట్టుకోలేదు. పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది. వచ్చేపోయే జనం ఆ బిస్కెట్లకేసి చూసి వెళ్తున్నారు. పిన్ని తలుపు మీంచి చెయ్యి తీసేసింది.

కిందికి దిగింది. చిరిగిన మూటతో సహా తాళంచెవిని కౌంటరు మీద పెట్టింది. మేస్త్రి లేచి వచ్చి గుడ్డ పీకి, చక్రాన్ని వెలుతురుకు పట్టి పన్ను పన్నూ తడిమాడు.

"చూశారా" అని మొదలుపెట్టాడు మరిది. "మా వదిన కుర్చీలోంచి..."

"నువ్వు ఊరుకో" అంది పిన్ని. "నేను దొంగను పట్టుకోలేదు. తీసింది నేనే. మేస్త్రిగారూ, మీ గదిలోకి నేను వెళ్ళాను. రోజూ అందరి గదుల్లోకీ వెళ్తాను. దోమల కోసం కాదు. తుక్కనుకుని తీసి తాళానికి కట్టాను."

మరిది పోస్తున్న టీ గ్లాసు నిండి, పొర్లి, చేతి మీదికి వచ్చేదాకా ఆపలేదు. చెయ్యి దులుపుకుని, "అంటే చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికావన్నమాట వదినా" అన్నాడు.

"ఊరంతా వెతికినా బాగుండేది. దీని సంచి వెతికాను."

మేస్త్రి చిటికమ్మ వైపు తిరిగి ఏదో అనబోయాడు. "ముందు గడియారం సంగతి చూసుకోండి బాబూ, మూడవుతోంది" అందావిడ. ఆయన తల వంచుకుని మార్కెట్టు వైపు పరుగెత్తాడు.

"సూదిలో దారం ఎక్కించింది నువ్వే కదే" అంది పిన్ని. "చక్రాన్ని చూశావు కూడానూ. నీకు తెలుసుగా?"

"ఆయన పళ్ళ చక్రం అనగానే తెలిసింది అమ్మగారూ. చెబుదామనే నోరు తెరిచాను. ఇంతలో సంచి చూపించమన్నారు."

"తర్వాతైనా చెప్పొచ్చుగా. స్టేషనుకు పోతానంటున్నా ఊరుకుంటావా?"

"చిటికమ్మ అలాంటిది కాదని ఒక్క మాట అంటారేమోనని చూశాను. అంటే అప్పుడే చెప్పేసేదాన్ని."

పిన్ని కౌంటరు కింది నుంచి తన సంచి తీసింది. ఎవరూ ముట్టుకోకూడని సంచి అది. చిటికమ్మ సామాన్ల పక్కనే దాన్ని బోర్లించింది.

"నువ్వూ చూడు" అంది.

కుప్ప పడింది. కాగితంలో చుట్టిన సబ్బు ముక్కలు ఆరు, ఎవరివో చొక్కా గుండీలు, పెన్ను మూతలు, బస్సు టికెట్లు, పశువుల డాక్టరు కానివాడి విజిటింగ్ కార్డు, వారం రోజులుగా వెతుకుతున్న నాలుగో గది బోల్టు, నిన్న పోయిన కళ్ళద్దాలు. టీకొట్టు దగ్గర జనం మెడలు సాచారు. మరిది సిగ్గుపడి అటు తిరిగిపోయాడు. చిటికమ్మ తొందరపడలేదు. ఒక్కొక్కటే జరుపుతూ, గది తుడిచినంత శ్రద్ధగా చూసుకుంటూ పోయింది. అడుగున రెండు పళ్ళు ఊడిన నీలం రంగు దువ్వెన కనిపించింది. దాన్ని తీసి కొంగుతో తుడిచింది.

"అక్కా, ఈ దువ్వెన నాది" అంది.

ఆ పిలుపు కోసమే మధ్యాహ్నం నుంచి ప్రాణం కొట్టుకుంటోందని పిన్నికి అప్పుడు తెలిసింది. కళ్ళు తుడుచుకుంది.

"తీసుకోవే" అంది. "ఆ రిజిస్టరు కూడా ఇలా ఇవ్వు. బట్టతలాయన చిరునామా అందులో ఉంటుంది, ఉత్తరం రాయాలి."