పాప ఊర్లో లేదు

ఓటర్ల జాబితా పనిమీద వచ్చినావిడ గడప దగ్గర నిలబడి, మీ అమ్మాయి పేరుతో దరఖాస్తు వచ్చింది, మనిషిని చూడాలి అంది.

"పాప ఊర్లో లేదమ్మా. కనిగిరిలో మేనత్త కాడ ఉంది" అన్నాడు ఇంటాయన.

ఆ పాప పక్క గదిలో, నా ఎదురుగా, పౌరశాస్త్రం పుస్తకం ముందేసుకుని ఉంది. తలెత్తలేదు. పెన్నుకు మూత పెట్టేసింది.

నేను బయటికి వచ్చి అమ్మాయి లోపలే ఉందన్నాను. ఆవిడ నన్ను చూసింది, ఆయన్ని చూసింది.

"ఇంటి సంగతి ఇంటాయన చెప్పాల గదా సార్" అని, ఫోనులో ఏదో నొక్కి మెట్లు దిగిపోయింది. ఆయన నాకు కాఫీ తెమ్మని లోపలికి కేకేశాడు.

జిల్లా విడిపోయిన కొత్తలో, పత్రిక ఉద్యోగం మానేసి, మార్కాపురంలో ఇళ్లకు వెళ్లి పౌరశాస్త్రం, అర్థశాస్త్రం చెప్పేవాణ్ణి. ఈయనకు బట్టల దుకాణం. కూతుర్ని పదో తరగతితో మాన్పించి, మూడేళ్లు ఇంట్లో ఉంచి, సంబంధాలవాళ్లు ఇంటర్ అడుగుతున్నారని ప్రైవేటుగా పరీక్షకు కట్టించాడు. అర్థశాస్త్రం ఆ పిల్లకు నేను చెప్పేలోపే వచ్చేది. మూఢం రాగానే పట్టుచీర ధర ఎందుకు దిగుతుందో తనే చెప్పేది. ఓటు పాఠం దగ్గర మాత్రం ఆగింది. పేరు రాయించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదా అని రెండుసార్లు అడిగింది. అక్కర్లేదన్నాను. ఆ వారమే ఫోనులో దరఖాస్తు పెట్టుకుంది.

ఎందుకు అబద్ధమాడారని ఆయన్ని అడిగాను. గొంతు తగ్గించాడు.

"సంబంధాలకు పద్దెనిమిదని చెప్పినాం సార్. జాబితాలో ఇరవై అని పడితే ఎట్ల? ఊరోళ్లంతా చదవాల్నా?"

ఎన్నికలప్పుడు వర్తకుల తరఫున బజారులో ఓటు హక్కు ర్యాలీ తీసేది ఈయనే. విలేకరిగా దొంగ ఓట్లు చూశాను, బూత్‌ల దగ్గర కొట్లాటలు చూశాను. ఇంట్లో ఉన్న కన్నకూతుర్ని గడపలో నిలబడి లేకుండా చేసి, వెంటనే కాఫీకి కేకేయడం చూడలేదు. కాఫీ ముట్టలేదు.

గదిలోకి వెళితే ఆ అమ్మాయి అదే ఓటు పాఠం పేజీ తెరిచి ఉంచింది.

"ఇది పరీక్షకు వస్తాదా సార్?"

వస్తుందన్నాను.

"అయితే చెప్పండి."

పరీక్ష పాసైంది. మనిషి కనబడలేదని దరఖాస్తు కొట్టేశారు. మళ్లీ పెట్టిందో లేదో తెలియదు. తర్వాత వచ్చిన జాబితాలో ఆ ఇంటి నంబరు కింద తండ్రి పేరుంది, తల్లి పేరుంది, అంతకు ముందు ఏడాది చనిపోయిన నానమ్మ పేరుంది. ఆ అమ్మాయి పేరు లేదు.